బైపీసీ పిల్లలకి పబ్లిక్ హెల్త్ గురించి కూడా చెప్పండి: మన డెల్టా కాలేజీల ప్రిన్సిపాల్ గార్లకి బహిరంగ లేఖ

కోనసీమ, రామచంద్రపురం, తణుకు, భీమవరం, నరసాపురం సైడు జూనియర్ కాలేజీల, డిగ్రీ కాలేజీల ప్రిన్సిపాల్ గార్లకి, బోటనీ జువాలజీ చెప్పే సార్లకి, మేడమ్‌లకి నమస్కారమండి.

నాది రాజోలు దగ్గర ఊరు. ఇంటర్ బైపీసీ ఇక్కడే చదివాను, ఏ కాలేజీ అన్నది చెప్పను, ఎందుకంటే ఈ లెటర్ ఏ ఒక్క కాలేజీ మీదా కాదు. నీట్ రెండుసార్లు రాశాను, మధ్యలో లాంగ్ టర్మ్ కూడా వెళ్లాను, సీటు రాలేదు. రెండోసారి రిజల్ట్ వచ్చిన రోజు నాన్న కొబ్బరి దింపు దగ్గర ఉండి ఫోన్ చేసి "ఎంతొచ్చిందమ్మా" అన్నారు, చెప్పాను, కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "అన్నం తిన్నావా" అని అడిగి పెట్టేశారు. ఆ తర్వాత చుట్టాలు గానీ, ఇరుగుపొరుగు గానీ, మా లెక్చరర్లు గానీ అందరూ అన్నది ఒకటే, ఈ పిల్లకి ఇంక వైద్యం లైను అయిపోయింది, ఏదో డిగ్రీ చేయించి బీఈడీలో పడేయండి అని. వాళ్లు చెడు కోరి అనలేదండి, వాళ్లకి తెలిసింది అంతే.

2024లో దేశం మొత్తం మీద నీట్ రాసినవాళ్లు 23 లక్షల పైనే, ఎంబీబీఎస్ సీట్లు చూస్తే లక్ష చిల్లర. అంటే రాసినవాళ్లలో ఎక్కువమందికి సీటు రాదన్నది పరీక్షకి ముందే తెలిసిన లెక్క. ఆ రానివాళ్లలో మన డెల్టా పిల్లలు ఎంతమంది ఉంటారో మీకు నాకంటే బాగా తెలుసు, మీ క్లాసుల్లోనే కూర్చుంటారు కదా. వాళ్లకి ఫార్మసీ చెప్తాం, నర్సింగ్ చెప్తాం, అగ్రికల్చర్, వెటర్నరీ, ఫిషరీస్ చెప్తాం, అన్నీ మంచివే. పబ్లిక్ హెల్త్, అంటే ఒక్కో రోగికి మందివ్వడం కాకుండా ఊరు మొత్తానికి జబ్బు రాకుండా చూసే చదువు, అది మాత్రం ఎవరూ చెప్పరు. నాకు ఆ మాట మొదటిసారి చెవిన పడింది డిగ్రీ ఫైనల్ ఇయర్లో, అది కూడా క్లాసులో కాదు, టీవీలో.

2020 డిసెంబర్, ఏలూరు. గుర్తుండే ఉంటుంది మీకు. వన్ టౌన్ ఏరియాలో బాగా తిరుగుతున్న మనుషులు ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి, నోట్లోంచి నురగ వచ్చి పడిపోయారు, వారం తిరక్కుండా ఆరొందల మంది పైగా ఆస్పత్రికి వెళ్లారు. కరోనా భయంలో ఉన్నాం కదా, అందరం ఏదో కొత్త వైరస్ అనుకున్నాం. డాక్టర్లు వచ్చినవాళ్లకి వచ్చినట్టు ఫిట్స్ తగ్గించి ఇంటికి పంపించారు, నిజంగా చాలా కష్టపడ్డారు. కానీ అసలు ఇది ఎక్కడినుంచి వస్తోంది అన్నది బెడ్డు పక్కన నిలబడితే తేలేది కాదు. అందుకు వేరే మనుషులు వచ్చారు, ఢిల్లీ ఎయిమ్స్ నుంచి, జీవకణాల మీద పరిశోధన చేసే హైదరాబాద్ సీసీఎంబీ నుంచి, పోషకాహారం మీద చేసే ఎన్ఐఎన్ నుంచి, పర్యావరణం మీద చేసే నీరి నుంచి. వాళ్లు నీళ్లు తీసుకున్నారు, కూరగాయలు, పాలు, రక్తం అన్నీ తీసుకున్నారు, ఎవరు ఏం తిన్నారు, ఎక్కడ కొన్నారు అని ఇంటింటికీ అడిగారు. వైరస్ కాదని తేలింది. రక్తంలో సీసం, నికెల్ కనపడ్డాయని ఎయిమ్స్ వాళ్లు చెప్పారు, పురుగుమందుల అవశేషాలు దొరికాయని ఎన్ఐఎన్ వాళ్లు చెప్పారు. నేను ఇంట్లో ఆన్‌లైన్ క్లాసు మ్యూట్‌లో పెట్టి అదే చూస్తా కూర్చునేదాన్ని. మా అమ్మ "డాక్టర్లే కదా వీళ్లు కూడా" అంది. వెతికితే వాళ్లలో చాలామంది డాక్టర్లు కాదు. కెమిస్ట్రీ వాళ్లు, న్యూట్రిషన్ వాళ్లు, లెక్కల వాళ్లు, జువాలజీ వాళ్లు కూడా ఉంటారు ఆ పనిలో. నాది జువాలజీయే.

తర్వాత బయట రాష్ట్రంలో రెండేళ్ల ఎంపీహెచ్ చేశాను, అంటే మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్. ఇప్పుడు కాంట్రాక్టు మీద జబ్బుల సర్వేలెన్స్ పనిలో, అంటే ఎక్కడ ఏ జబ్బు వస్తోందో కనిపెట్టుకుని ఉండే పనిలో ఉన్నాను. ఏం చేస్తారు మీరు అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పడం నాకు ఇప్పటికీ రాదు, అందుకే ఒక రోజు పని చెప్తాను.

ఒక వేసవిలో, కాలవలు కట్టేసిన టైములో, ఒక ఊరినుంచి వాంతులు విరేచనాలు అని రిపోర్టు వచ్చింది, మూడు రోజుల్లో 19 మంది. మన డెల్టాలో వేసవి సంగతి మీకు తెలియంది కాదు, కాలవ కట్టే ముందు చెరువు నింపుకుంటాం, రెండు నెలలు ఆ నీళ్లే గతి. ఊళ్లో అందరూ చెరువు నీళ్లే పాడైపోయాయి అంటున్నారు. కానీ చెరువు నీళ్లు ఊరంతా తాగుతుంటే జబ్బు ఊరంతా రావాలి కదా. ఏఎన్ఎం అక్కా, ఆశా అక్కా, నేనూ ఒక తెల్ల కాయితం మీద ఊరి బొమ్మ వేశాం, రామాలయం, ట్యాంకు, స్కూలు, తూము, వీధులు. జబ్బు వచ్చిన ఇంటి దగ్గర ఎర్ర పెన్నుతో చుక్క పెట్టుకుంటా పోయాం. 19 చుక్కల్లో 17 తూముకి అవతలే పడ్డాయి. మిగిలిన ఇద్దరూ పిల్లలు, వాళ్ల అమ్మమ్మ ఇల్లు తూము అవతలే.

క్లోరోస్కోప్ అని చిన్న పెట్టె ఉంటుంది, గాజు గొట్టంలో నీళ్లు పట్టి రెండు మూడు చుక్కలు మందు వేస్తే క్లోరిన్ ఉన్న నీళ్లు పసుపు పచ్చగా తిరుగుతాయి. ట్యాంకు దగ్గర పసుపు వచ్చింది. తూముకి ఇవతల కుళాయిలో లేతగా వచ్చింది. అవతల కుళాయిలో నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి, ఏ రంగూ లేదు. తూము కింద వంగి చూస్తే పైపు మురుగు కాలవ మధ్యలోంచి పోతోంది, జాయింటు దగ్గర పాత సైకిల్ ట్యూబు చుట్టి తాడు కట్టి ఉంది. నీళ్లు వదిలినప్పుడు ఆ జాయింటులోంచి మంచి నీళ్లు బయటికి కారతాయి, నీళ్లు ఆపేశాక పైపులో ఒత్తిడి పడిపోయి అదే కన్నంలోంచి మురుగు లోపలికి లాక్కుంటుంది, మర్నాడు పొద్దున్న మొదటి బిందెలో అదే వస్తుంది. మొదటి బిందె పట్టుకునేది తెల్లారకుండా పనికి వెళ్లే ఆడవాళ్లు, రొయ్యల షెడ్డుకి వెళ్లేవాళ్లు. చుక్కలు ఎక్కువ వాళ్ల ఇళ్ల మీదే ఎందుకు పడ్డాయో అప్పుడు అర్థమయింది. పంచాయతీ వాళ్లు మధ్యాహ్నానికల్లా ఆ ముక్క కోసేసి కొత్త పైపు వేశారు. ట్యాంకులో క్లోరిన్ పెంచారు, ఇంటింటికీ ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇచ్చాం. నాలుగో రోజునుంచి కొత్త కేసు లేదు.

నేను అక్కడ ఒక్కరికి కూడా సెలైన్ పెట్టలేదండి. పెట్టకూడదు కూడా, నేను డాక్టర్ని కాదు. కానీ ఆ పని కూడా వైద్యమే అని నాకు ఆ రోజు గట్టిగా అనిపించింది. 1854లో లండన్లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టర్ గారు చేసింది ఇదే, చావులు జరిగిన ఇళ్లు వెతికితే ఎక్కువ బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూనే వచ్చాయి, ఆ పంపు హ్యాండిల్ తీయించారు, తర్వాత ఆ చావులన్నీ మ్యాపు మీద గుర్తు పెట్టి చూపించారు. అప్పటికి కలరా క్రిమి గురించి వైద్యులకే తెలియదు. క్రిమి తెలియకపోయినా దారి మూసేయొచ్చు అన్నది ఎపిడెమియాలజీలో, అంటే జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తోందో వెతికే చదువులో, మొదటి పాఠం.

ఇంకోటి కూడా చెప్పాలి, ఇది మనదే కాబట్టి. బోదకాలు, అంటే ఫైలేరియా. మన డెల్టాలో బోదకాలు లేని ఊరు ఉండేది కాదని మా తాతగారు అనేవారు. ఎంపీహెచ్ ప్రాజెక్టులో భాగంగా నేను రాత్రి రక్తపరీక్షలకి వెళ్లాను, రాత్రి తొమ్మిది దాటాక, టార్చి, స్లైడ్ల పెట్టె, స్పిరిట్ దూది పట్టుకుని. ఒక మామ్మగారు అరుగు మీద పడుకుని ఉన్నారు, లేపితే కోప్పడ్డారు. "ఏవమ్మాయ్, పగలంతా ఖాళీగానే ఉన్నాను కదా, అప్పుడు రావొచ్చు కదా, నిద్దర్లో లేపి వేలు గుచ్చడం ఏంటి" అన్నారు. బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు పగలంతా లోపల ఊపిరితిత్తుల దగ్గర రక్తనాళాల్లో దాక్కుంటాయి మామ్మగారూ, రాత్రి దోమ కుట్టే టైముకి పైకి, చర్మం దగ్గరికి వస్తాయి, పగలు గుచ్చితే దొరకవు అని చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి "అయితే అది దోమకి అందడానికే పైకొస్తదన్నమాట" అని వేలు చాపారు. నేను రెండు సెమిస్టర్లు చదివి నేర్చుకున్నది ఆవిడ అరుగు మీద కూర్చుని ఒక్క మాటలో చెప్పేశారు.

ఆవిడకి ఎడమ కాలు వాచి ఉంది, చర్మం మందం కట్టి, వేళ్ల మధ్య ఒరుసుకుపోయి. పెళ్లయిన కొత్తలో గజ్జల్లో బిళ్లలు కట్టి జ్వరం వచ్చేదట, అలా మొదలయిందట. రోజూ సబ్బుతో కడుక్కుని, వేళ్ల సందులు తడి లేకుండా తుడుచుకుంటే ఆ జ్వరాలు తగ్గుతాయని ఆవిడకి అన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. ఆస్పత్రికి వెళ్లలేదా అంటే వెళ్లారు, మందు రాసిచ్చారు. కాలు ఎలా కడుక్కోవాలో పక్కన కూర్చుని చూపించే మనిషి మాత్రం ఎవరూ దొరకలేదు.

ఈ జబ్బుకి ఇచ్చే మాత్ర డీఈసీ. దాన్ని కనిపెట్టిన బృందాన్ని అమెరికాలో నడిపించింది ఎవరో తెలుసు కదా మీకు, 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1940ల్లో లెడర్లీ ల్యాబులో ఆయన పర్యవేక్షణలో వచ్చిన మందు అది. భీమవరం కుర్రాడి ల్యాబులోంచి వచ్చిన మాత్ర తిరిగి భీమవరం వీధుల్లోకే వచ్చింది. ఈ సంగతి మన బైపీసీ క్లాసుల్లో ఎంతమంది చెప్తున్నారో నాకు తెలుసుకోవాలని ఉంది. 2004 నుంచి దేశంలో ఈ జబ్బున్న జిల్లాల్లో ఏడాదికోసారి అందరికీ మాత్రలు పంచడం మొదలుపెట్టారు, పెద్దవాళ్లకి మూడు డీఈసీ, తర్వాత్తర్వాత దాంతోపాటు ఒక ఆల్బెండజోల్ కూడా. మందు ఉంది, ఉచితంగా ఇంటికే వస్తుంది. మరి సమస్య ఎక్కడ అంటే, మింగడం దగ్గర. జబ్బు లేని మనిషి మాత్ర ఎందుకు మింగాలి అంటారు, చేతిలో పెడితే జేబులో వేసుకుంటారు. ఒంట్లో పురుగులున్నవాళ్లకి మింగాక అవి చచ్చి జ్వరం, తలనొప్పి వస్తాయి, ఆ ఒక్కరిని చూసి వీధంతా మానేస్తారు. జ్వరం వచ్చిందంటే మందు పని చేస్తోంది అని ఆ వీధిలో, ఆ మాటలోనే, ఆ యాసలోనే చెప్పగలిగేవాళ్లు కావాలి. అది మన పిల్లలు కాకపోతే ఎవరు చెప్తారు చెప్పండి?

చదువు ఎలా ఉంటుందో కూడా చెప్తాను, ఎందుకంటే పిల్లలు అడుగుతారు. ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్, ఎన్విరాన్మెంటల్ హెల్త్, న్యూట్రిషన్, హెల్త్ ఎకనామిక్స్, ఆరోగ్య చట్టాలు, సోషల్ సైన్స్, ఫీల్డు వర్కు, చివర్లో ఒక ప్రాజెక్టు. లెక్కలు ఉంటాయి, బైపీసీ పిల్లలు లెక్కలంటే భయపడతారు కానీ ఇవి ఇంటిగ్రేషన్ లాంటివి కాదు, ఎంతమందిలో ఎంతమందికి, ఎవరితో పోలిస్తే ఎంత ఎక్కువ, అలాంటివి. కొన్ని యూనివర్సిటీల్లో డిగ్రీ లెవెల్లోనే పబ్లిక్ హెల్త్ ఉంది, కానీ ఎక్కువమంది ఏదో ఒక డిగ్రీ చేసి ఎంపీహెచ్‌కి వెళ్తారు. కోల్‌కతాలో ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైజీన్ అండ్ పబ్లిక్ హెల్త్ 1932 నుంచి ఉంది. తిరువనంతపురం శ్రీచిత్రలో అచ్యుత మేనన్ సెంటర్ వాళ్లు 1997లో ఎంపీహెచ్ మొదలుపెట్టారు. మనకి దగ్గర్లో అయితే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) ఉన్నాయి, చెన్నైలో ఎన్ఐఈ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ), ముంబైలో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) ఉన్నాయి. జనాభా లెక్కల మీద ఇష్టం ఉంటే ముంబై ఐఐపీఎస్ (ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ పాపులేషన్ సైన్సెస్), తిండి మీద అయితే హైదరాబాద్ ఎన్ఐఎన్. జువాలజీ పిల్లలకి నేను మరీ మరీ చెప్పేది పుదుచ్చేరిలో వీసీఆర్సీ (వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్), అక్కడ పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీలో ఎమ్మెస్సీ ఉంది, అంటే జబ్బులు మోసే దోమలు, ఈగలు, పురుగుల చదువు. దోమల మధ్య పుట్టి పెరిగిన మన పిల్లలకి అంతకంటే దగ్గరైన సబ్జెక్టు ఏముంటుంది.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. జిల్లాల్లో సర్వేలెన్స్ యూనిట్లు ఉంటాయి, వాటిలో ఎపిడెమియాలజిస్టు, ఎంటమాలజిస్టు, డేటా మేనేజర్ పోస్టులు ఉంటాయి. నేషనల్ హెల్త్ మిషన్‌లో, టీబీ ప్రోగ్రాంలో, మలేరియా వింగులో, ఐసీఎంఆర్ ప్రాజెక్టుల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, ఆరోగ్యశ్రీ లాంటి స్కీముల్లో, మందుల ట్రయల్స్ చేసే కంపెనీల్లో, పెద్దాస్పత్రుల క్వాలిటీ విభాగాల్లో పని ఉంటుంది. చాలావరకు కాంట్రాక్టే. ప్రాజెక్టు అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి. నా మొదటి జీతం 25 వేలు, అదీ రెండు నెలలు లేటుగా పడింది, రూము అద్దెకి నాన్ననే అడిగాను. కొన్ని పోస్టులకి ఎంబీబీఎస్ ఉండాల్సిందే అని నోటిఫికేషన్‌లోనే రాస్తారు, ముందే చదువుకోవాలి. కొన్ని చోట్ల కోర్సుకి కూడా అనుభవం అడుగుతారు. పేరు ముందు డాక్టర్ అని రాదు, మందు చీటీ రాయకూడదు. గుర్తింపు లేని డిప్లొమాలు పెట్టి లక్షలు గుంజేవాళ్లు కూడా ఉన్నారు, యూజీసీ గుర్తింపు ఉందో లేదో చూడకుండా ఫీజు కట్టొద్దని పిల్లలకి మీరే చెప్పాలి. ఇవన్నీ దాచి, ఇది బంగారం లాంటి కోర్సు అని చెప్తే, రేపు ఆ పిల్ల మోసపోయానని ఏడుస్తుంది. కష్టం చెప్పి పంపిస్తే తట్టుకుంటుంది, నేను తట్టుకున్నాను.

పని మాత్రం మన దగ్గర కొండంత ఉందండి. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లలో ఏడాదిపాటు జరిగిన 1354 చావుల్లో దాదాపు అన్నీ పరిశీలించారు. డాక్టర్ సర్టిఫికెట్ లేని చావులే ఎక్కువ కాబట్టి హెల్త్ వర్కర్లు ఇంటికెళ్లి, ఛాతీలో నొప్పి అన్నారా, ఎప్పటినుంచి, మాట పడిపోయిందా, అని ఇంట్లోవాళ్లని అడిగి రాసుకున్నారు, దాన్ని వెర్బల్ అటాప్సీ అంటారు. తేలింది ఏంటంటే దాదాపు మూడింట ఒక చావు గుండెజబ్బు, పక్షవాతం లాంటివాటివల్లే. పల్లెటూళ్లలో చావులంటే అంటురోగాలే అనుకున్న రోజుల్లో మన ఊళ్లనుంచి వెళ్లిన లెక్క అది. ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు రొయ్యల చెరువుల పక్కన తాగునీళ్లు ఉప్పు తేలుతున్నాయి, రొయ్యల షెడ్లలో ఆడవాళ్లు రోజంతా ఐసు నీళ్లలో చేతులు పెట్టి పని చేస్తున్నారు, గోదారి పొంగితే లంకల్లో బావులన్నీ మునుగుతున్నాయి, 2022 జులైలో చూశాం కదా. ఇవన్నీ లెక్క రాయడానికి, కారణం వెతకడానికి మనుషులు ఎక్కడినుంచో వచ్చి మనకి ఇంగ్లీషులో రిపోర్టు రాసి వెళ్లిపోతున్నారు. ఇక్కడి నీళ్లు తాగి పెరిగిన పిల్లలు రాయాలి ఇవి.

అందుకని నేను మిమ్మల్ని అడిగేది పెద్దదేమీ కాదు. నీట్ రిజల్ట్ వచ్చిన వారంలో పిల్లల్ని ఒక గంట కూర్చోబెట్టండి, అమ్మానాన్నల్ని కూడా పిలవండి, వాళ్లు వినడం ముఖ్యం. డిగ్రీ జువాలజీ పిల్లల్ని ఏడాదికోసారి రాజమండ్రి తీసుకెళ్లండి, అక్కడ ఎన్‌సీడీసీ (నేషనల్ సెంటర్ ఫర్ డిసీజ్ కంట్రోల్) వాళ్ల బ్రాంచి ఉంది, ఫైలేరియా మీద ట్రైనింగులు ఇచ్చే చోటు, బోదకాలు పురుగుని మైక్రోస్కోపులో ఒక్కసారి చూస్తే పుస్తకంలో బొమ్మ వేరు అది వేరు అని తెలుస్తుంది. పర్మిషన్ లెటర్ మీ లెటర్‌హెడ్ మీద పోవాలి కాబట్టి అడుగుతున్నాను, పిల్లలు అడిగితే ఎవరూ ఇవ్వరు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు నెట్లోంచి కాపీ కొట్టించకుండా కాలేజీ చుట్టూ ఉన్న నాలుగు వీధుల్లో దోమ పిల్లలు ఎక్కడ పెరుగుతున్నాయో లెక్క పెట్టించండి, కొబ్బరి చిప్పలు, పాత టైర్లు, వాడని రోళ్లు, కూలర్లు, ఎన్ని ఇళ్లు చూశారు, ఎన్నింటిలో ఉన్నాయి. ఆ లెక్క తీసుకెళ్లి సచివాలయంలో ఇమ్మనండి. ఆ పిల్లలు పబ్లిక్ హెల్త్ చదివినా చదవకపోయినా ఆ వీధికి డెంగీ తగ్గుతుంది.

నేను కూడా వస్తాను. ఆదివారం అయినా పర్లేదు, చార్జీలు కూడా నేనే పెట్టుకుంటాను, మీ కాలేజీ అమలాపురంలో ఉన్నా, పాలకొల్లులో ఉన్నా, ఎక్కడో లంక అవతల ఉన్నా సరే. ప్రొజెక్టర్ అక్కర్లేదు. క్లోరోస్కోప్ పెట్టె నా దగ్గరే ఉంది, తెచ్చుకుంటాను. మీ పిల్లలు రోజూ తాగే కుళాయి నీళ్లు ఒక గ్లాసు పట్టి ఉంచితే చాలు, అక్కడినుంచి మొదలుపెడదాం.

మీ పాత స్టూడెంట్